మోరీ సంగతి

నయీంనగర్ నాలా పొంగిన రాత్రి
నడుము లోతు నీళ్ళల్ల ట్రాక్టరెక్కి వచ్చి
పాల ప్యాకెట్లు పంచిన మనిషి,
మా చిన్నోని డెంగీకి
రెండు రాత్రులు ప్లేట్‌లెట్లు లెక్కబెట్టుకుంట కూసున్న డాక్టరు,
ఎలుగంటి సాంబరాజుకు కాక
ఇంకెవరికి వేస్త నేను ఓటు?

అనుకున్న, మొన్నటి దాక.

మొన్న సెంటర్ల మీటింగు.
మైకు నా వంటింట్లకే వచ్చింది.
ముందు చెత్త బండ్ల ముచ్చట, అటెన్క నల్లా నీళ్ళు,
ఎక్కడ మలిగిందో గొంతు
సముద్రాల అవుతలికి మలిగింది.
కూలిన ఇండ్ల గురించి చెప్పిండు,
దుమ్ము కింద పిల్లల గురించి చెప్పిండు.
పిల్లల వార్డుల పదకొండేండ్లు డ్యూటీ చేసినదాన్ని,
నాకు ఒకరు చెప్పాల్నా? ఏడ్చిన.
ఆ ఒక్క మాట అనకపోతే చప్పట్లు కొట్టేదాన్నేమో:
"ఆ ఇజ్రాయిల్ వోళ్ళకు, వాళ్ళ మనుషులకు
మన ఓరుగల్లుల జాగ లేదు."

గరిటె పప్పులనే ఉండిపోయింది.

వాళ్ళ మనుషులు.
లెక్కబెట్టిన. ఈ గల్లీల
నేను, షద్రకు, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు.
ఓట్లు మూడు.
గుంటూరు దిక్కు నుంచి రైల్వే కొలువుకు
మా నాయిన, మామయ్య ఒక్కటే బండిల కాజీపేట దిగిండ్రు.
తోలుపని ఇంట్ల పుట్టినోళ్ళు,
శనివారం పొయ్యి ముట్టియ్యద్దని మాకు నేర్పినోళ్ళు.
జనాభా లెక్కలాయన వచ్చినప్పుడు
మతం గడి మీద పెన్ను ఆపి
"కిరస్తానీ అని రాసుకుంటనమ్మా, సగం అదే కదా" అన్నడు.

ఆ దేశం నేనెన్నడు చూడలే.
చూసింది పక్కింటి గంగజల మొగడు.
మెట్‌పల్లి నుంచి పోయి
హైఫాల ఒక ముసలాయనకు తానం చేపిస్తడు,
సైరన్ మోగితే ఎత్తుకొని మెట్లు దిగుతడు.
గంగజల పొయ్యి మీద కూర
ఆ దేశం పైసల్తోనే ఉడుకుతది.
ఆమెనెవ్వరు ఏమనలే.
మా దర్వాజకున్న చిన్న డబ్బీని చూసి మాత్రం
ఇస్త్రీ బండి పిలగాడు అడిగిండు:
"అక్కా, మీరు అటు దిక్కా?"

ఎటు దిక్కు బిడ్డా.
నేను ఎంజీఎం దిక్కు. నైట్ డ్యూటీ దిక్కు.

ఆదివారం ప్రచారానికి వచ్చిండు డాక్టరు.
డప్పులు గల్లీ మూలనే ఆగినయి.
చెప్పులు ఇడిసి, గడప కాడ నిలవడి
"ఆసాపు ఎట్లున్నడమ్మా?" అన్నడు.
పేరు యాదున్నది!
కోపం సగం అక్కడనే కారిపోయింది, నాకే సిగ్గయింది.
నీళ్ళిచ్చిన. తాగిండు.
తల ఎత్తినప్పుడు చూసిండు డబ్బీని.
"ఇదేందమ్మా?"
"మా దేవుని మాట సార్. లోపల చిన్న కాయితం ఉంటది.
మేము యూదులం."

ఎనుకనున్న పోరడు ఫోన్ల వీడియో తీసుడు ఆపిండు.
"మిమ్ముల కాదమ్మా నేను అన్నది."

"మరి ఎవర్ని సార్?"

గట్టిగ అనలే.
నొప్పెక్కడున్నదని అడిగినంత మెల్లగ అడిగిన.
బాంబులేసినోళ్ళ మీద, బందీల పట్టుకపోయినోళ్ళ మీద
కోపం నాకూ ఉన్నది. మీరనుండ్రి, నేనూ అంట.
గని వాళ్ళ మనుషులు అన్న మాటకు
ఈ గల్లీల అడ్రసు ఒక్కటే సార్,
మీరిప్పుడు నిలవడ్డ గడప.

ఇదంత అన్ననా?
లేదు. "ఎవర్ని" దాకనే అన్న.
మిగిలింది, డప్పులు మళ్ళ మొదలైనంక
గిన్నెలు తోముకుంట అన్న.

ఆయన గ్లాసు కింద పెట్టి కొంచెం సేపు ఆగిండు,
రిపోర్టు తప్పు చదివిన డాక్టరు ముఖం తోని.
పోయేటప్పుడు డబ్బీకి భుజం తాకకుంట
పక్కకు ఒంగి పోయిండు.
అది మర్యాదనో భయమో
నాకిప్పటికి తెల్వది.

మేయరును మేమెన్నుకోం.
కార్పొరేటరుకు ఏస్తం, వాళ్ళు కూసోని ఆయన్ను చేస్తరు.
మా మూడు ఓట్లు అంత దూరం పోయేసరికి
మమ్ముల గుర్తుపడతయో లేదో.

అత్తమ్మ మంచంల నుంచి అంత ఇన్నది.
ముప్పై ఏండ్లయినా ఆమె నోట్ల గుంటూరు పోలేదు.
"ఓటెవరికో నాక్కూడా చెప్పమాకు," అన్నది.
ఇటు ఒత్తిగిలి,
"అది సరే కెజియా, మోరీ సంగతి అడిగావా?"

అడగలే అత్తమ్మా.
మర్చేపోయిన.